పొయ్యికొక వంతు

మా పక్కింటి సారు మొన్న ఆదివారం తెల్లవారుజామున చనిపోయారు. నేను వాకిలి ఊడుస్తుంటే గోడ అవతలి నుంచి ఆయన భార్య మామూలు గొంతుతోనే, "ఒకసారి రామ్మా, మీ సారు లేస్తాలేడు" అన్నారు. నేను వెళ్లేసరికి ఆయన ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టే ఉన్నారు. కళ్లజోడు మడిచి దిండు పక్కన పెట్టి ఉంది.

ఆయనను ఎరగని వారికి కొంచెం చెప్పాలి. సారు అనంతపురంలోని ఒక పాలిటెక్నిక్‌లో డేటాబేస్ పాఠం చెప్పేవారు. అంటే, కంప్యూటర్‌లో సమాచారాన్ని పట్టికలుగా ఎలా దాచాలో నేర్పే చదువు. రిటైరయ్యాక గార్లదిన్నె పక్కన మా కాలనీకి వచ్చి ఇల్లు కట్టుకున్నారు. నాకు ఇంటి ఖర్చులు ఏ రోజువి ఆ రోజు రాసుకునే అలవాటు. ఒక సాయంత్రం వేయించిన శెనక్కాయలు వలుచుకుంటూ ఆయన నా పుస్తకం తిప్పి చూశారు.

"ఈ అంగడి పేరు, వీధి ఇన్నిసార్లు ఎందుకు రాసినావమ్మా?"

"ప్రతిసారీ ఆయప్ప దగ్గరే కదా సార్ తెచ్చేది."

"రేపు ఆయప్ప ఇంకో వీధికి మారినాడనుకో. ఒక చోట దిద్ది ఇంకో చోట మర్చిపోతావు. అప్పుడు నీ పుస్తకం దాంతో అదే కొట్లాడుకుంటాది."

పుస్తకం వెనక అట్ట మీద రెండు పట్టికలు గీశారు. ఒకదానిలో అంగళ్లు, ఒక్కోదానికి ఒక నంబరు. రెండోదానిలో నేను తెచ్చిన సరుకులు, పక్కన ఆ నంబరు మాత్రమే. ఏ వరుస ఎవరిదో తేల్చి చెప్పే ఆ నంబరును 'కీ' అంటారట. రైలు టికెట్లు, బ్యాంకులు, రేషన్ కార్డులు అన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయని చెప్పారు. "రాసే ముందు ఒకటే అడుగు. ఈ వరుస దేన్ని గురించి?" అనేవారు. పెళ్లికి వెళ్లినా ఆయనకు అదే ధ్యాస, ఒక్కో మనిషికి ఏవేవి ఎన్నేసి ఉంటాయని. "మొన్న భోజనాల కాడ పెండ్లికొడుకును నీకు ఫోన్ నంబర్లు ఎన్ని అని అడిగినాడు. ఆ పిల్లోడు దడుచుకున్నాడు" అని ఆయన భార్య నవ్వేవారు.

ఆ మరుసటి ఎండాకాలం కాలనీ బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకర్ నీళ్లే దిక్కయ్యాయి. వంతుల పట్టిక రాసే పని ఆడవాళ్లందరూ నాకు అప్పగించారు. నేను సారు దగ్గరికి వెళ్లాను. "పేర్లతో కుదరదు, మన కాలనీలోనే ఓబులమ్మలు ఎంతమంది? తలుపు నంబరు పెడదాం. అది రెండిండ్లకు ఒకటే ఉండదు" అన్నారు. తలుపుకొక వరుస, వరుసకొక వంతు. ప్రింటు తీసి పంపు గది గోడకు ఆయనే అంటించారు.

ట్యాంకర్ వచ్చిన మొదటి రోజే చివరింటి చిన్న కోడలు ఖాళీ బిందె చంకన పెట్టుకుని సారు అరుగు దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమెకు చంటిబిడ్డ ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, ఆ కాయితంలో మేం లేము."

"మీ ఇల్లు ఉండాది కదమ్మా."

"ఇల్లు ఉండాది. ఇల్లు నీళ్లు తాగతాదా సార్? అన్నదమ్ములు వేరుపడినారు. మా తోడికోడలు ముందే పోయి వంతు నీళ్లన్నీ పట్టుకొనె. నేను పోతే మీ ఇంటికి అయిపోయిందంటాడు ట్యాంకరాయప్ప. బిడ్డకు నీళ్లు పోసేకి లేవు."

ఈసారికి తోడికోడలితో సర్దుకోమని నేను చెప్పబోయాను. సారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"వేరుపడినారంటే ఏమేమి వేరే? మీటరా, రేషన్ కార్డా?"

"అవన్నీ ఒకటే. పొయ్యి వేరే."

"ఒక పొయ్యి రెండిండ్లకు ఉంటాదా?"

"ఏం సార్, పొయ్యి నెత్తిన పెట్టుకొని తిరుగుతామా?"

"ఒక ఇంట్లో రెండు పొయ్యిలు?"

"శానా ఇండ్లలో ఉండాయి. మీకు తెల్దా?"

తెలియదని ఆయన ఒప్పుకున్నారు. లోపలి నుంచి తమ డ్రమ్ములోని నీళ్లు ముంచి ఆమె బిందె నింపారు. తరువాత నేరుగా వెళ్లి గోడ మీద కాగితం చించేశారు. "తప్పు ఆయమ్మది కాదు, పట్టికది. మనిషి దాంట్లో పట్టకపోతే పట్టికనే మార్చల్ల" అన్నారు.

మర్నాడు ఇద్దరం ఇంటింటికీ తిరిగాం. అడిగింది ఒకటే మాట: ఇక్కడ ఎన్ని పొయ్యిల మీద వంట? ఒక ఇంటి వెనక రేకుల కింద ఒక ముసలమ్మ విడిగా వండుకుంటోంది. కొడుకు తల దించుకున్నాడు. సారు ఆమెకూ ఒక వరుస రాశారు. తలుపులకు ఒక పట్టిక, పొయ్యిలకు ఇంకో పట్టిక అయ్యాయి; నీళ్ల వంతు ఇక పొయ్యికొకటి. చివరింటి పెద్ద కోడలు మాత్రం ఊరుకోలేదు.

"ఏమప్పా సారూ, మా ఇంటి తగువు గోడకెక్కించినావే."

"నేను పెట్టిన తగువు కాదమ్మా. ఉన్నది రాసినా."

ఆమె చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. కానీ తరువాతి ట్యాంకర్ నుంచి చిన్న కోడలు తన వంతు తాను పట్టుకుంది. బిడ్డకు నీళ్లు పోసింది.

ఈ ఏడాదీ ట్యాంకర్లే. సారు పోయిన ఆదివారమే మా వీధికి ట్యాంకర్ వచ్చే రోజు కూడా. సారుకు స్నానం చేయించాలి, ఊళ్ల నుంచి చుట్టాలు వస్తారు. ఆ ఇంటికి వచ్చే ఒక్క వంతు నీళ్లు ఎటూ చాలవు. ఎవరిని అడగాలా అనుకుంటూ వీధిలోకి వచ్చాను. చిన్న కోడలు బిందె నింపుకుని, వాళ్లింటి వైపు మళ్లకుండా ఇటే వస్తోంది. కొంచెం వెనకగా పెద్ద కోడలు, ఆమె చంకనా నిండు బిందె. ఇద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. సారు పెరట్లో డ్రమ్ము దగ్గర చిన్న కోడలు నీళ్లు కుమ్మరించి పక్కకు జరిగింది. పెద్ద కోడలు ముందుకొచ్చి తన బిందె వంచింది. నీళ్లన్నీ పడిపోయాక కూడా ఆమె బిందెను అలాగే వంచి పట్టుకుని, చివరి చుక్కలు జారేదాకా నిలబడింది.