మలక్‌పేట నుంచి కిషన్‌బాగ్ దాకా, తమ్ముడి టర్బో బండితో

పెద్ద ప్రయాణమేమీ కాదు. మలక్‌పేటలో మా ఇంటి నుంచి కిషన్‌బాగ్‌లో ఒక షెడ్డు దాకా, ట్రాలీ ఆటోలో గంట. అయినా రాస్తున్నాను. విడిగా కొన్న టర్బో కిట్ బిగించిన ఏటీవీని పాతబస్తీకి రిపేరుకు తీసుకెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని. ఏటీవీ అంటే గుట్టలు, రాళ్లు ఎక్కే నాలుగు చక్రాల బండి. హ్యాండిలు, సీటు బైకుకు ఉన్నట్టే ఉంటాయి. మా చిన్న తమ్ముడు సుధీర్ వికారాబాద్ వైపు గుట్టల మీద, చూడ్డానికి వచ్చినవాళ్లను దాని మీద తిప్పేవాడు. అంతకుముందు ఒక బస్సు డిపోలో పదేళ్లు ఇంజన్ల పని చేశాడు. ఇద్దరు ఎక్కితే బండి ఎత్తులో మూలుగుతోందని కిట్ తెప్పించి, మా ఇంటి ముందే కూర్చుని తన చేతులతో బిగించాడు. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ జోరుకు తిరిగే చిన్న పంకా, అది బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది అని నాకు వాడే చెప్పాడు. "మంచిగ పనిచేస్తే విజిల్ లెక్క సప్పుడు వస్తదక్కా, వినిపిస్తా చూడు," అన్నాడు.

ఆ విజిల్ రాలేదు. చదునులో బండి బాగానే నడిచేది. ఎత్తు ఎక్కేటప్పుడు పూర్తిగా రేజ్ ఇస్తే నల్లపొగ కక్కి చతికిలబడేది. వాడు మూడుసార్లు కిట్ విప్పి బిగించాడు. నాలుగోసారి ఒక్కడే గుట్ట ఎక్కించి చూస్తుంటే సగంలో బలం పోయి, బండి వెనక్కి జారి వాడి కాలి మీద పడింది. ఎముక నాలుగు నెలలకు అతికింది. ఆ తర్వాత కూడా వాడు గోడవైపు తిరిగే పడుకున్నాడు. మేం ఐదుగురం, నేను పెద్దదాన్ని. మిగతా ముగ్గురూ ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. ఈ ఇంట్లో మేమిద్దరమే. ఆ నెలల్లో నా గొంతు నాకు వినిపించింది ప్రార్థనలోనే.

ఒక బుధవారం వాడే నోరు విప్పాడు. "నా చేతులకు పని రాదక్కా. శనివారం పాతసామానోడు వస్తడు. బండి, పానాల సంచి, రెండూ ఇచ్చెయ్." సంచిని గేటు దగ్గర తనే పెట్టాడు కూడా. నాకు మిగిలింది రెండు రోజులు. తప్పు వాడి చేతిదో కాదో శనివారంలోగా తెలియాలి. తప్పు వాడిదే అయితే ఊరుకుంటాను, కాకపోతే ఆ సంచి గేటు దాటకూడదు. ఇంత మాత్రమే అనుకుని శుక్రవారం బయలుదేరాను. వాడితో చెప్పలేదు.

ట్రాలీ ఆటో పొద్దున ఆరింటికి వచ్చింది. పోవడానికి తొమ్మిది వందలు. డ్రైవరు యాదగిరి బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు.

"గిదేందక్కా, ట్రాక్టరు పిల్లనా?"

"మా తమ్మునిది. గుట్టలెక్కుతది."

"గుట్టలెక్కేది నా ట్రాలీ ఎక్కలేదా? నలుగురం దొబ్బాల్నా దీన్ని?"

"ఎక్కుతలేదనే కదా తీస్కపోతున్న."

"గట్లంటే సరే," అని నవ్వి, పక్కింటివాళ్లను పిలిచి ఎక్కించి తాళ్లు కట్టాడు. నాలుగు చక్రాలకూ వేరువేరుగా కట్టించండి, మీరూ. చంచల్‌గూడ, దబీర్‌పురా మీదుగా వెళ్లాం. దబీర్‌పురా స్టేషను దగ్గర లోకల్ రైలు దిగినవాళ్లు రోడ్డు దాటుతుంటే ఐదు నిమిషాలు ఆగాం. అందరూ బండివైపు చూశారు, తర్వాత నావైపు చూశారు. పొద్దెక్కితే మదీనా చౌరస్తా దగ్గర పోలీసులు ట్రాలీలను కదలనివ్వరని యాదగిరి తొందరపడ్డాడు. పురానాపూల్ దర్వాజా పక్కనుంచి బహదూర్‌పురా, అక్కడి నుంచి కిషన్‌బాగ్. ఏడున్నర కాకముందే షెడ్డు ముందు దించి, "ఒక్కదానివే కూసుంటవా అక్కా?" అని అడిగాడు. కూర్చుంటానన్నాను. వెళ్లిపోయాడు.

షెడ్డు తొమ్మిదింటి దాకా తెరవరు. ఎదురుగా హోటల్లో చాయ్, రెండు ఖారీ బిస్కెట్లు తెచ్చుకుని బండి పక్కన అరుగు మీద కూర్చున్నాను. గల్లీలో అందరూ ఎవరో ఒకరితో మాట్లాడుతున్నారు. ఎదురింటి మేడ మీద నుంచి ఒకావిడ కూరగాయలతన్ని కొత్తిమీర కోసం తిడుతోంది. "మూడు రెమ్మలు ఇచ్చి కట్ట అంటవా?" "ఆపా, మీరు పైనుంచి చూస్తే గట్లనే కనిపిస్తది." ఆపా అంటే ఇక్కడ అక్కా అని. నాకు నవ్వొచ్చింది. పక్కకు తిరిగి చూస్తే బండే ఉంది.

ఖలీల్ భాయ్ తొమ్మిదింపావుకు వచ్చాడు. అరవై దాటిన మనిషి. జీపులకు, ఇలాంటి బండ్లకు టర్బోలు చూస్తాడని నాకు వేరేవాళ్లు చెప్పారు. విన్నదంతా విని, ఒకే ప్రశ్న అడిగాడు.

"కిట్ ఎవరు పెట్టిండ్రు ఆపా?"

"మా తమ్ముడే, భాయ్. వాడు తప్పు పెట్టిండా లేదా, గదే తెల్వాలె నాకు. బండి బాగుకాకున్నా ఫికర్ లేదు."

"మొదటిసారి ఇంటున్న గీ మాట," అన్నాడు. "అందరు బండి బాగుచెయ్ అంటరు, తప్పు ఎవనిదో అడగరు."

టర్బోలోకి గాలి పోయే మూతిని ఒక మూతతో బిగించి, అందులోంచి గాలి ఎక్కించి, కిట్ అతుకులన్నింటి మీదా సబ్బు నీళ్లు పూశాడు. ఎక్కడైనా గాలి కారుతుంటే బుడగ లేస్తుందట. నేను వంగి ప్రతి అతుకూ చూశాను. ఒక్క బుడగ లేవలేదు. తర్వాత పంకాను వేలితో తిప్పాడు, నున్నగా తిరిగింది. ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే చిన్న తలుపు ఒకటి ఉంటుంది, దానికి చేతిపంపు పెట్టి చూశాడు. అది తెరుచుకుంది, మూసుకుంది. నూనె పైపులు చూశాడు. పన్నెండు దాటింది.

"మీ తమ్ముని చెయ్యి సాఫ్ ఉన్నది ఆపా. నేను పెట్టినా గింతే పెడుత."

నేను అతుకుల మీద మిగిలిన సబ్బు నీళ్లు చేత్తో తుడిచాను.

"గానీ బండికి గాలి అందుతలేదు. కిట్ల లేదు తప్పు. మరి ఏడున్నది?"

అప్పుడే జుమా నమాజు వేళయింది. చేతులు కడుక్కుని, ఫ్యాను నావైపు తిప్పి వెళ్లాడు. శుక్రవారం వెళ్తే ఒంటిగంటకు ముందు నుంచి రెండుంపావు దాకా పని ఆగుతుందని లెక్కలో పెట్టుకోండి. నేను తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను. సీటు మీద చెయ్యి పెట్టి నా ప్రార్థన నేను చేసుకున్నాను. సుధీర్ చెయ్యి మంచిదని ఇంకొకరి నోట విన్నాను, ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. దేవునికి చెప్పాను.

ఖలీల్ భాయ్ వచ్చాక సీటు ఎత్తి, ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీసి పక్కన పెట్టాడు. అలాగే స్టార్టు చేసి, షెడ్డు వెనక ఖాళీ జాగాలో మట్టి దిబ్బ మీదికి ఎక్కించాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. సగం దిబ్బ ఎక్కేసరికి సన్నగా ఒక ఈల మొదలైంది. ఇంజన్ చప్పుడు పైనుంచి లేచి, తీగలా సాగింది. బండి పైకి దూకినంత పని చేసింది. గాలి ఒత్తిడి చూపడానికి సుధీర్ బిగించిన చిన్న మీటరు ముల్లు మొదటిసారి కదిలిందట. నాకు అది కనిపించలేదు. ఈల మాత్రం విన్నాను. వినిపిస్తానన్నవాడు మలక్‌పేటలో గోడవైపు తిరిగి ఉన్నాడు.

మూత పెట్టి మళ్లీ ఎక్కించాడు. నల్లపొగ. సగంలో ఆగింది.

"మూత తీస్తే బలం వస్తది, పెడితే పోతది," అంటూ దిగాడు. "మీ తమ్ముడు మూత తీసి నడిపి ఉంటే తప్పు ఒక్కరోజుల దొరుకుతుండె."

"వాడు తియ్యడు భాయ్. ఎర్రమట్టి దుమ్ము పోతే పంకా రెక్కలు పాడైతయంటడు."

"సచ్ బాత్, నిజమే. పద్ధతి గల్లోడు, అందుకే దొరకలే. ఆపా, కొత్తది పెట్టినంక ఏం చెడినా అందరు కిట్టునే అనుమానిస్తరు. కొత్త కోడలి లెక్క. పాతదాని దిక్కు చూడరు."

పాతదంటే కంపెనీ నుంచే వచ్చిన గాలి గొట్టం. హ్యాండిలు ముందు నల్ల ప్లాస్టిక్ కింద మొదలై ఫిల్టరు డబ్బా దాకా దిగుతుంది. ముందు ప్లాస్టిక్ విప్పి, దాన్ని ఊడబెరికి నేలకేసి తట్టాడు. రెండో దెబ్బకు గుడ్డ ఒకటి పడింది. ఎర్రదుమ్ము పట్టి ఉంది. నాలుగు మడతలు. అంచుకు నీలిదారంతో గొలుసుకుట్టు, మూలన చిన్న సిలువ.

ఆ కుట్టు నాది.

మా ప్రార్థన మందిరంలో జబ్బుపడ్డవాళ్ల కోసం, కొత్త పని మొదలుపెట్టేవాళ్ల కోసం రుమాలు మీద నూనె రాసి సంఘపెద్దలు ప్రార్థన చేస్తారు. దిండు కిందో, జేబులోనో పెట్టుకుంటాం. కిట్ బిగించిన రోజు సుధీర్ స్నానానికి లేచాడు. చెబితే నవ్వుతాడని, వాడు చూడకుండా హ్యాండిలు ముందున్న చీలికలో ఆ రుమాలు దోపాను. సామాను పెట్టుకునే అర అనుకున్నాను. అది ఇంజన్ ఊపిరి పీల్చే దారి. మెల్లగా నడిపితే గుడ్డ వంపులో పడి ఉండేది. రేజ్ పెంచితే గాలి గుంజి గొట్టాన్ని మూసేది. వాడి క్షేమం కోసం పెట్టిందే వాడిని గుట్ట మీద నుంచి పడేసింది. నాలుగు నెలలు వాడి పక్కన కూర్చుని నేను ప్రార్థన చేశాను, ఇదొక్కటి గుర్తురాలేదు.

ఖలీల్ భాయ్ రుమాలు వైపు చూశాడు, నావైపు చూశాడు. ముందు స్టూలు జరిపి, నీళ్లు ఇచ్చాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఎలుక గుంజుకపోయిందని మీ తమ్మునికి చెప్తా ఆపా. ఎలుక కోర్టుకు పోదు."

"ఎలుక మడత పెట్టదు భాయ్."

"మడత నేను తీస్త."

"వద్దు. నాకియ్యి."

పని కూలి పదిహేను వందలు తీసుకున్నాడు. బండి తీసుకెళ్లడానికి ఇంకో ట్రాలీ మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు రాకుండ్రి. పెట్టినోణ్ని పంపుండ్రి. నడిపి చూస్కోని తీస్కపోతడు."

షేర్ ఆటోలో ముప్ఫై రూపాయలకు అఫ్జల్‌గంజ్ దాకా, అక్కడి నుంచి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ మీద బస్సులో ఇంటికి వచ్చాను. దారంతా రుమాలు గుప్పిట్లోనే ఉంది. సుధీర్ మంచం మీద కూర్చున్నాడు. రుమాలు వాడి పక్కన పెట్టి, ఎక్కడ దొరికిందో, ఎవరు పెట్టారో, బండి ఎవరి షెడ్డులో వాడి కోసం ఆగి ఉందో చెప్పాను. నాలుగు మాటలు పట్టింది. వాడు దాన్ని మడత విప్పాడు, మళ్లీ వేశాడు.

"విజిల్ వచ్చిందా?"

"వచ్చింది."

"నువ్విన్నవా?"

"విన్న."

గోడవైపు తిరిగాడు.

శనివారం పొద్దున పాతసామానతను గేటు తట్టాడు. వెళ్లి చూస్తే అక్కడ సంచి లేదు. లోపల సుధీర్ మంచం ఖాళీగా ఉంది, వాడి చేతికర్ర కూడా లేదు. "ఏమీ లేవు బాబూ, పోయిరా," అన్నాను.

ఇప్పుడు సుధీర్ ఆ బండితో మళ్లీ గుట్టల దగ్గరే ఉంటున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తాడు, తిన్నావా అంటాడు, పెట్టేస్తాడు. నన్ను తిట్టలేదు. పోనీలే అక్కా అని కూడా అనలేదు. ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే, మలక్‌పేట రోడ్డు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ప్రార్థన మానలేదు. రుమాళ్లు కుట్టడం మానేశాను. వాడి కోసం అడిగేటప్పుడు చేతులు ఖాళీగా ఒళ్లో పెట్టుకుంటాను, మనసుకు అదే నెమ్మదిగా ఉంది. వాడు గుట్ట ఎక్కిస్తూ ఒక్కసారి ఫోన్ పెట్టెయ్యకుండా ఆ విజిల్ వినిపిస్తే బాగుండునని అనిపిస్తుంది. అడగలేదు.

మీలో ఎవరైనా ఇలాంటి బండిని తీసుకెళ్తుంటే ఒక్క మాట. కిట్ విప్పకముందు గాలి గొట్టం మొదటి నుంచి చివరి దాకా చూడండి. అంతకన్నా ముందు ఇంట్లో వాళ్లందరినీ కూర్చోబెట్టి, బండి మీద ఎవరైనా ఏమైనా పెట్టారా, కట్టారా, దోపారా అని అడగండి. పెద్దక్కను కూడా అడగండి. ఆమె తనంతట తాను చెప్పదు.