బాబాయిగారి డిజిటల్ డైరీలు

మొన్న మంగళవారం పొద్దున తాడేపల్లిగూడెంలో, పాత సామాన్లు అమ్మే కొట్లో నిలబడి ఒక డిజిటల్ డైరీ వెనక మూత ఊడదీసి చూస్తున్నాను. ఫోను మోగింది. ఏలూరు ఆసుపత్రి నుంచి పిన్నిగారు.

"అబ్బాయ్, మీ బాబాయిగారు వెళ్లిపోయారు" అన్నారు. ఏడవలేదు. "ఆయన పంపిన పని అయ్యిందా?" అని అడిగారు.

కొట్టతను పాపం మర్యాదగానే, "తీసుకుంటారా అండీ, లోపల పెట్టేయమంటారా?" అన్నాడు. అతని మీద అంతెత్తున లేచాను. తర్వాత క్షమించమని అడిగి, ఆ మిషన్ తీసుకునే ఏలూరు బస్సెక్కాను. ముందురోజు సాయంత్రం డాక్టరు తేలికపడిందని చెబితేనే, "ఆ డైరీ తెర పనికొచ్చేదైతేనే తీసుకురా, లేకపోతే వద్దు" అని ఆయన నన్ను పంపారు. తెర పనికొచ్చేదే. తీసుకెళ్లి చూపించడానికి మనిషి లేరు.

బాబాయిగారు నాకు చుట్టం కారు. కొల్లేరు అంచున మా ఊళ్లో మా పక్కింటివారు. ఏలూరులో టెలిఫోన్ల రిపేరు పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యారు. ఆ తర్వాత పాత డిజిటల్ డైరీలు ఏరుకొచ్చి బాగుచేయడమే ఆయన పని, ఆటా. సెల్‌ఫోన్లు రాకముందు మందుల కంపెనీ రిప్రజెంటేటివులు, ఇన్సూరెన్సు ఏజెంట్లు జేబులో పెట్టుకు తిరిగిన మడత మిషన్లు అవి. తెరిస్తే పైన బూడిదరంగు తెర, కింద బియ్యపుగింజలంత మీటలు. పేర్లు, నంబర్లు, తేదీలు దాచుకునేవారు. ఇప్పుడవి తుక్కులో కూడా అడుగున ఉంటాయి.

ఎంచుకోవడంలో ఆయన తీరు చూడాలి. ఏలూరులో ఒకసారి నేను నిగనిగలాడే మిషనొకటి ముందుకు తోస్తే, తెర వంక చూడను కూడా చూడలేదు. వెనక మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "పులిసిన వాసన. బ్యాటరీ కారింది. పచ్చ చిలుము రాగి దారుల్లోకి దిగిపోయి ఉంటుంది. పైకి పెళ్లికొడుకు, లోపల పుచ్చు" అన్నారు. తర్వాత మూత విరిగి, సగం అక్షరాలు అరిగిపోయిన ఒక డొక్కుదాన్ని తీసుకున్నారు. మడతపెట్టే చోట తెరకి వెళ్లే రిబ్బను తీగ తెగలేదట. "విరిగింది అతికించొచ్చురా. కుళ్లింది అతకదు."

ఇంటికి తెచ్చాక మసకబారిన తెర మీది పొర ఒలిచి కొత్త పొర వేసేవారు. తెర పక్కన ఆవగింజంత లైటు అమర్చేవారు. అరిగిన అక్షరాలు పిన్నిగారి గోళ్లరంగుతో, చీపురుపుల్ల మొనతో దిద్దేవారు. "నా గోళ్లకి లేని భాగ్యం ఆ మీటలకి పట్టింది" అని ఆవిడ వంటింట్లోంచి అనేవారు. "నీ గోళ్ల మీద ఏ అక్షరం రాయమంటావు చెప్పు" అని ఈయన.

మా ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న నేనూ అడిగాను. చేతిలో ఫోనుండగా ఈ డొక్కు దేనికండీ అని. "ఫోను నన్నడక్కుండా రాత్రికి రాత్రి మారిపోతుంది. ఇది నేను విప్పితే తప్ప మారదు" అన్నారు. ఆ మాట అప్పట్లో నాకు ముసలివాళ్ల చాదస్తంలా వినబడింది.

నేను చదివిందంతా కరపత్రాలూ, చిన్న చిన్న పుస్తకాలూ. సభల దగ్గర పంచినవి, బస్టాండులో దొరికినవి. సొంతంగా నాలుగు వేయించాను కూడా. మా ఊరి పల్లపు వీధి గురించి. ఆ వీధి నీళ్లు కొల్లేట్లోకి పోయే మురుగుకాలువకి అడ్డంగా ఒక ఆసామి చేపల చెరువు గట్టు వేశాడు. గట్టుకి తూము ఉంది. వానొచ్చినప్పుడల్లా చెరువు మునుగుతుందని భయపడి తూము మూసేస్తాడు. నీళ్లు వెనక్కి తన్ని పల్లపు వీధిలో మోకాల్లోతు నిలబడతాయి. తూమెప్పుడూ మూయలేదనేది ఆసామి మాట. నా కరపత్రం బాబాయిగారు శ్రద్ధగా చదివి, "ఆశ్చర్యార్థకాలు పద్నాలుగున్నాయి. అంకె ఒక్కటీ లేదు" అని తిరిగిచ్చేశారు. నాకు ఒళ్లు మండింది. వారం రోజులు మాట్లాడలేదు.

ఆ అంకెలు ఆయన జేబులోనే ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఆయనకొక పద్ధతి ఉంది. బాగుచేసిన మిషన్ పనిచేస్తే చాలదు, ఏళ్ల తరబడి జ్ఞాపకం నిలుపుకోవాలి. దానికి పరీక్షగా రోజూ పొద్దున మా ఊరి వంతెన మీదికి వెళ్లి, కనబడింది మీటలతో అందులో కొట్టేవారు. వంతెన దిమ్మ మీద ఆయనే గీసుకున్న ఎర్ర గీతల దగ్గర నీళ్లెంత, తూము తెరిచి ఉందా మూసి ఉందా, గట్టు మీద వాలిన గూడబాతులెన్ని. అలా ఒకే మిషన్లో మూడేళ్లు. తెలుగుమాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. వరండాలో కూర్చుని యథాలాపంగా ఒకరోజు అది నాకు చూపించారు. వాన పడ్డ రోజు, తూము మూసి. మర్నాడు నీళ్లు అడుగు పైకి. తూము తెరిచి. రెండు రోజుల్లో నీళ్లు కిందికి. మూడేళ్ల పొడుగునా అదే వరస.

"ఇది సాక్ష్యం బాబాయిగారూ!"

"ఇది పరీక్షరా. సాక్ష్యం కోసం రాస్తే చెయ్యి వంకర పోతుంది."

"అక్కడ పిల్లలు నీళ్లలో నడుచుకుంటూ బడికి పోతున్నారు. మీకు మిషన్ పరీక్షలు కావాలి!"

ఆయన మొహం వాడిపోయింది. రెండు రోజులు ఆలోచించి, విచారణకి తనే తెస్తానన్నారు. తూము గొడవ మీద ఏలూరు నుంచి అధికారి మా ఊరికే వచ్చి రెండు పక్షాలనూ వింటానన్న విచారణ అది. దాని ముందురోజు పొద్దున ఆయన మిషన్ నా చేతికిచ్చి, కొన్ని తేదీలు కాగితం మీద ఎక్కించుకోమని స్నానానికి వెళ్లారు. ఇరవై తేదీలు రాశానో లేదో, తెర మూల బ్యాటరీ గుర్తు ఆరుతూ వెలగడం మొదలెట్టింది.

ఈ మిషన్లలో బ్యాటరీ గదులు రెండు. పెద్దది నడిపిస్తుంది. రూపాయి బిళ్లంత చిన్నది జ్ఞాపకాన్ని కాస్తుంది. ఒకటి మారుస్తున్నప్పుడు రెండోది కదపకూడదు. రెండూ ఒకేసారి తీయకుండా లోపలొక గడియ ఉంటుంది. లావుపాటి బ్యాటరీ పట్టించడానికి ఆయన ఆ గడియ కోసేశారు. "రెండు గదులూ ఒక్కసారి తెరవకు, నువ్వు కోపంలో ఉంటే ఒక్కటి కూడా తెరవకు" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఆ పొద్దున నాకు కోపమే. మర్నాడు ఆసామి మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూ ఉన్నాను. రెండూ పీకి, రెండూ కొత్తవి వేశాను.

తెర వెలిగింది. తేదీ ఎంతో చెప్పమని నన్నే అడిగింది. లోపల ఏమీ లేదు.

బాబాయిగారు తల తుడుచుకుంటూ వచ్చారు. తెర చూశారు, నన్ను చూశారు. కుర్చీలో కూర్చుండిపోయారు. నా నోటివెంట వచ్చిన మాట ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "మళ్లీ కొట్టేద్దాం బాబాయిగారూ. వానలెప్పుడు పడ్డాయో ఊరందరికీ తెలుసు. సాయంత్రానికల్లా ఎక్కించేయొచ్చు."

"తెలిసింది వేరు, చూసి రాసింది వేరు" అన్నారు. గొంతు పెంచలేదు. "నేను గడియ కోశాను. కాగితం మీద కూడా రాస్తే మిషన్ని నమ్మనట్టేనని పంతానికి పోయాను. అది నా తప్పు. రేపు నీ తప్పు నువ్వు చెప్పు, నాది నేను చెప్తాను."

చెప్పాం. "చెరిపింది నేనేనండీ" అని ఊరందరి ముందు, అధికారి ముందు అన్నాను. ఆసామి తరపు మనిషి నవ్వాడు. "మిషన్ చెడిందా అండీ, అల్లిన కథ చెడిందా?" వాడి మీదికి దూకబోయాను. బాబాయిగారు నా మణికట్టు పట్టుకున్నారు. డెబ్బై దాటిన మనిషికి అంత పట్టు ఎక్కడిదో. అధికారి, నేను ఎక్కించిన ఇరవై తేదీలు మూలం లేదని పక్కన పెట్టి, కాగితాలు సర్దుకుంటూ, "ఏడాదిపాటు రోజూ రాసింది, దిద్దనిది తీసుకురండి. అప్పుడు చూద్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయిగారు వంతెన మీదున్నారు. ఈసారి మిషన్తోపాటు ఒక నోటు పుస్తకం. నేను పక్కన నిలబడి అదే పుస్తకంలో సంతకం పెట్టేవాణ్ని. ఏడాది దగ్గరపడింది. వానలొచ్చాయి. అదే వారంలో ఆయనకి ఆయాసం వచ్చి ఏలూరు ఆసుపత్రిలో చేర్చాం. పిన్నిగారికి తోడుగా నేనూ అక్కడే ఉండిపోయాను. వంతెన దగ్గరికి వెళ్లమని ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే గుర్తే రాలేదు.

నాలుగో రోజున ఆక్సిజన్ గొట్టం పక్కకి జరుపుకుని, "నీళ్లు చూస్తున్నారా ఎవరైనా?" అని అడిగారు.

"ఆయ్, చూస్తున్నారండీ."

"ఎంత?"

"నాలుగో గీత మీదికి వచ్చిందంట."

"తూము?"

"మూసేశాడంట."

తల ఊపి కళ్లు మూసుకున్నారు. నేను చెప్పింది అబద్ధం. కనుక్కుంటే నిజమే అయి ఉండేదేమో, కానీ కనుక్కోలేదు. ఆయనకి మనశ్శాంతి ఇచ్చాననుకున్నాను. ఇచ్చానో, ఆయన చివరిసారి విన్న కొలత దొంగ కొలత చేశానో, నాకు తేలడం లేదు.

ఆయన ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి దహనం జరిగిన రోజు వరకు మొత్తం పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ వానే. పల్లపు వీధిలో మంచాలు ఇటుకల మీదికెక్కాయి. మాకు కావలసిన రోజులు సరిగ్గా అవే. డైరీలోనూ, పుస్తకంలోనూ లేనివి అవే.

దహనమైన మర్నాటి నుంచి నేను రాయడం మొదలెట్టాను. చేపల సొసైటీ ప్రెసిడెంటు గారు బాబాయిగారి వరండాకొచ్చి కూర్చున్నారు. ఆయన ఇల్లూ పల్లపు వీధిలోనే. "వచ్చే సోమవారమే విచారణ. ఆ పదకొండూ వేసేయ్ అబ్బాయ్" అన్నారు.

"నేను చూడలేదండీ."

"మేం చూశాం కదా! మా ఇళ్లలోకి వచ్చిన నీళ్లు మాకు తెలీవా?"

"అయితే వచ్చి మీ నోటితో చెప్పండి. కొలత మాత్రం ఎవరూ తీయలేదు కదండీ."

"నోటిమాట వింటారా వాళ్లు? ఒకసారి చెరిపేశావు. ఇప్పుడు ఖాళీ వదిలేస్తావు. ఏవయ్యా, నువ్వు మా వైపా, గట్టు వైపా?"

నాకు తిక్క రేగింది. వాళ్ల వీధి కోసం నేను తిన్న తిట్లన్నీ ఏకరువు పెట్టాను. ఆయన లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఆ కోపంలోనే డైరీ తెరిచాను. రెండు తేదీలు కొట్టాను కూడా. నాలుగో గీత, మూసి. నాలుగో గీత, మూసి. మూడోది కొట్టబోతుంటే పిన్నిగారు కాఫీ తెచ్చి స్టూలు మీద పెట్టారు. డైరీ వైపు చూడలేదు. చీకటిగా ఉన్న బాబాయిగారి గది వైపు తిరిగి, "పెద్దబ్యాటరీ మారుస్తావేమో, చిన్నది కదపకు" అని మాత్రం అన్నారు. ఆయన మాట ఆవిడ నోట వినేసరికి నా వేలు ఆగిపోయింది. కొట్టిన రెండూ తుడిచేశాను. నోటు పుస్తకంలో పదకొండు తేదీలు వరసగా వేసి, ఎదురుగా ఏమీ రాయకుండా వదిలి, కింద ఒక వాక్యం రాశాను: ఈ రోజుల్లో చూసినవారు లేరు. సంతకం పెట్టాను.

సోమవారం ఏమవుతుందో తెలీదు. ఆ ఖాళీలు చూపించి ఆసామి మనుషులు మళ్లీ నవ్వొచ్చు. నా వల్ల పల్లపు వీధి ఇంకో ఏడాది మునగొచ్చు. ఆ భయంతో రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. ఇది కరపత్రమైతే చివర ఒక నినాదం రాసేవాణ్ని. బాబాయిగారి గురించి రాస్తున్నాను కాబట్టి రాయను.

ఇవాళ పొద్దున వంతెన మీద నిలబడితే దిమ్మ మీది గీతలు కనబడలేదు. గుర్రపుడెక్క దట్టంగా కొట్టుకొచ్చి చుట్టూ పేరుకుంది. ఒంగి చూస్తున్నాను. పల్లపు వీధిలో ఉండే ఒకావిడ, చీర కుచ్చిళ్లు తడిసి మోకాళ్ల దాకా బురదతో, బిందె పట్టుకుని వస్తూ ఆగింది.

"ఖాళీలు అలాగే ఉంచేశారంట కదండీ?"

"అవునండీ" అన్నాను. తిడుతుందనుకున్నాను.

ఆవిడ బిందె కింద పెట్టింది. వంతెన గోడకి ఆనించి ఉన్న పడవ గడకర్ర తీసుకుని కిందికి దిగి, మోకాల్లోతు నీళ్లలో నిలబడి డెక్కని అటూ ఇటూ నెట్టింది. ఎర్ర గీతలు బయటపడ్డాయి. డెక్క మళ్లీ మళ్లీ ముందుకొస్తోంది. నేను చూసి, చూసింది కొట్టేవరకు ఆవిడ కర్ర అడ్డం పెట్టి అలాగే నిలబడింది.