తెరచాప అంచులో ఎర్ర పేలికలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, 1957. ప్రొద్దుటూరులో నాది షామియానాలు కుట్టే కొట్టు. రెండు ట్రెడిల్ మిషన్లు, నేలంతా పరిచిన కాన్వాసు. పెళ్ళిళ్ళ కాలంలో అన్నానికి లేవడానికి కూడా తీరిక ఉండేది కాదు. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఎవరింట పెళ్ళయినా పందిరి గుడ్డ నాదేనని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజుల్లో జమ్మలమడుగు నుంచి నాగన్న, ఓబులమ్మ అనే మొగుడూ పెళ్ళాలు వచ్చారు. నాగన్న నెల్లూరు తీరంలో ఉప్పు కొఠారులో పనిచేసేవాడు. అక్కడే ఒక పాత పడవ కొన్నారు. కూలీలను పెట్టుకునే తాహతు లేక, ఇద్దరూ ఒక ముసలి సరంగు దగ్గర పడవ నడపడం నేర్చుకుంటున్నారు. రాత్రంతా తీరం వెంబడి నడిపి, తెల్లారేసరికి ఉప్పు బస్తాలను పక్క రేవుకు చేర్చాలి. సరంగు లేకుండా అదే వాళ్ళ మొదటి ప్రయాణం. దానికి తెరచాప కావాలి. రేవులో కుట్టేవాళ్ళు అడిగినంత ఇచ్చుకోలేక, సొంత ప్రాంతమని నా దగ్గరికి వచ్చారు.

"పెన్నలో తెప్పలు తోసినోళ్లం, సముద్రం నేర్చుకోలేమా అని దిగినాం," అన్నాడు నాగన్న నవ్వుతూ.

ఓబులమ్మ నవ్వలేదు. "నాలుగంచుల్లోనూ తాడు పెట్టి కుట్టాలప్పా. గాలి బరువంతా అంచు మీదనే పడ్తాదని సరంగు శానా సార్లు చెప్పినాడు."

"నా షామియానాలు ఎన్ని గాలివానలు చూసినాయో నీకేం తెలుసమ్మా? నాకే పని నేర్పిస్తాండావే," అన్నాను.

మా పనిలో ఒక అలవాటుంది. షామియానాకు పై అంచులోనే తాడు పెడతాం. కిందికి వేలాడే అంచు నిండుగా కనపడాలని, కత్తిరించగా మిగిలిన పేలికలను మెలిపెట్టి హెమ్మింగులో, అంటే మడిచి కుట్టిన అంచులో, దూరుస్తాం. బయటికి తాడులాగే ఉంటుంది. ఆ రోజు మూడంచులు కుట్టేసరికి తాడు అయిపోయింది. బజారుకు పోవాలి. పులివెందుల పెళ్ళివాళ్ళేమో గడపలో కూర్చుని తొందరపెడుతున్నారు. నాలుగో అంచులో ఎర్ర పేలికలు దూర్చి కుట్టేశాను.

ఓబులమ్మ అంచు పొడుగునా తడిమి చూసి, "తాడేనా?" అని అడిగింది.

"తాడే," అన్నాను.

నెల తిరక్కుండానే ఇద్దరూ చిరిగిన తెరచాపతో వచ్చారు. నాగన్న కుడి చేతికి పెద్ద కట్టు ఉంది.

"నడిరేతిరి గాలి తిరిగింది," చెప్పింది ఓబులమ్మ. "అంచు తెగి గుడ్డ కొట్టుకుంటాంటే ఈయన పట్టుకోబోయినాడు. గుడ్డకు కట్టిన తాడు చేతికి చుట్టుకోని రెండు వేళ్లు తెగిపోయినాయి. తెల్లారిందాకా చుక్కాని నేనే పట్టుకున్యా."

కొట్లో నలుగురు గిరాకీలున్నారు. వాళ్ళ ముందు నా పేరు పోతుందని మళ్ళీ అబద్ధమే చెప్పాను. "ఉప్పునీళ్లకు తాడు కుళ్లిపోయింటాదిలేమ్మా."

ఓబులమ్మ నా కత్తెరే తీసుకుని, చిరగని చోట కుట్టు విప్పి, మూరెడు ఎర్ర పేలిక బయటికి లాగి మిషను మీద పెట్టింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంగొకటి కుట్టు," అంది.

"మళ్లీ నా దగ్గరేనా?" అన్నాను.

"ఈడ ఇంత గుడ్డ కుట్టేది నువ్వొక్కడివే. పడవ ఇడిస్తే మేం తినేదేంది? ఈ తూరి నేను పక్కనే కూచ్చుంటా."

రెండు రోజులు కూర్చుంది. అంచులో పెట్టిన తాడును జానా జానా తన చేత్తో తడిమి చూశాకే నన్ను కుట్టనిచ్చింది. అప్పటి నుంచి గిరాకీ చెయ్యి లోపల పెట్టి చూడందే నేను ఏ అంచూ మూయలేదు. కొందరు నవ్వేవాళ్ళు. కారణం ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు నాగన్న తెరచాప మూటను తాడుతో బిగించబోయాడు. మిగిలిన వేళ్ళతో ముడి పడలేదు. మూట నా వైపు జరిపాడు. నేను కట్టి ఇచ్చాను.

"గట్టిగానే కట్టినావా అప్పా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు.