శని ఊగుతున్నాడు, మిక్సీ ఆపండి

భానుమూర్తి గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఆయన టెలిస్కోపు దగ్గర నిలబడ్డప్పుడు భూమ్మీద ఎవరూ కదలకూడదు.

భూమి మొత్తం ఆయన మాట వినదు కాబట్టి, కొత్తపేటలో తాముండే మూడంతస్తుల అపార్టుమెంటుతో సరిపెట్టుకున్నారు. పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చీకటి పడగానే డాబా ఎక్కడం, టెలిస్కోపుకు కెమెరా బిగించడం, ఫ్లాటు ఫ్లాటుకూ ఫోను కొట్టడం.

"అమ్మాజీ గారూ, మిక్సీ ఆపండి. శని ఊగుతున్నాడు!"

"చట్నీ అండీ బాబూ, రెండే రెండు నిమిషాలు!"

"రెండు నిమిషాల్లో ఆయన వలయాలన్నీ మీ చట్నీలో కలిసిపోతాయి."

మొదటి అంతస్తు అమ్మాజీ గారు ప్రతి శనివారం గుడికెళ్ళి శనికి నూనె పోసొచ్చే మనిషి. "మేం ఆయన్ని వదిలించుకుందామని తంటాలు పడుతుంటే, మీరు గొట్టం పెట్టి మరీ పిలుస్తారేంటండీ?" అని ఆవిడ బాధ.

"ఆయన నూట ముప్పై కోట్ల కిలోమీటర్ల అవతలున్నాడమ్మా. పిలిచినా మన దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్ దాటి ఎప్పటికొస్తాడు?" అని ఈయన ధైర్యం చెప్పేవారు.

అందరికంటే ఎక్కువ నలిగిపోయింది సాలోమోను. హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. వాళ్ళ ఫ్లాటు సరిగ్గా డాబా కిందే. ఓ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఒక్క తుమ్ము తుమ్మాడు. వెంటనే ఫోను మోగింది.

"సాలోమోనూ, తుమ్మింది నువ్వేనా?"

"నేనే సార్. సర్ది పట్టింది."

"చంద్రుడి మీద ఒక గుంత రెండు గుంతలైంది నాయనా. ఈసారి వస్తే దుప్పట్లో తుమ్ము."

సాలోమోను బస్సుకు అడ్డంగా ఎద్దులొచ్చినా, పెళ్ళి ఊరేగింపులొచ్చినా నోరు జారనివాడు. ఆ రోజు మాత్రం ఫోను పెట్టేశాక, ఖాళీ గోడతో ఐదు నిమిషాలు మాట్లాడాడు.

పోనీ ఫోటోలు బాగుండవా అంటే, తిట్టడానికి వీల్లేనంత బాగుంటాయి. మూడు వేల ఫ్రేముల వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్నప్పటి రెండు వందలు ఏరి, వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తారాయన. అప్పుడు శని చుట్టూ వలయం పెన్సిలుతో గీసినట్టు తేలుతుంది. అందుకే జనం పళ్ళు కొరుక్కుంటూనే ఓర్చుకున్నారు.

ఓర్పు నశించింది మాత్రం ఈ మూడు నెలల్లోనే. ఇదివరకు వారానికి రెండు రోజులుండే కర్ఫ్యూ ఇప్పుడు రోజూ మొదలైంది. అదీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా! డాబా మీద పిల్లల క్రికెట్టు బంద్. లిఫ్టు బంద్. మూడో అంతస్తులో కుర్చీ జరపడం కూడా బంద్.

"పట్టపగలు గ్రహాలేంటండీ?" అని అపార్టుమెంటు సెక్రటరీ ఉపేంద్ర నిలదీశాడు.

"శుక్రుడు పగలూ కనబడతాడు. చూసేవాళ్ళకు ఓపికుండాలి."

ఉపేంద్రకు లేనిదే అది. డాబా తాళం భానుమూర్తి గారి దగ్గర్నుంచి తీసేసుకోవాలని కాగితం రాశాడు. మొట్టమొదటి సంతకం సాలోమోనుదే. మిగతావాళ్ళవీ అయ్యాక, "పైనే కదా, కాస్త ఇచ్చేసిరా" అని కాగితం అతని చేతిలోనే పెట్టాడు.

సాలోమోను డాబా ఎక్కేసరికి సన్నగా వాన పడుతోంది. ముసురు పట్టి మూడు రోజులైంది. టెలిస్కోపు ప్లాస్టిక్ కవరు కప్పుకొని మూల నిలబడింది. భానుమూర్తి గారు గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఫోనులో ఉన్నారు.

"లిఫ్టు వద్దండీ, మెట్లెక్కి రండి. శుక్రుడు విపరీతంగా ఊగుతున్నాడు."

"సార్!" అన్నాడు సాలోమోను. "గీ వానల, గీ మొగుల్ల ఏ శుక్రుడు సార్?"

భానుమూర్తి గారు ఉలిక్కిపడి, వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. "మెల్లగా మాట్లాడవయ్యా. కింద మీ ఆవిడ పడుకుంది."

సాలోమోనుకు అర్థం కాలేదు. భార్య జోస్నా నర్సు. మూడు నెలల కిందట ఐసీయూలో రాత్రి డ్యూటీకి వేశారు. పొద్దున వచ్చి ఇంటిపని తెమిల్చుకునేసరికి సాయంత్రమవుతుంది. నాలుగున్నరకు పడుకుంటే ఎనిమిదిన్నరకు మళ్ళీ బయల్దేరాలి.

"ఓ రోజు ఆ అమ్మాయి లిఫ్టులో నిలబడే నిద్రపోయింది. లేపడానికి మనసొప్పక మూడుసార్లు పైకీ కిందికీ తిప్పాను. చివరికి లేపితే, 'ఆరో బెడ్డుకు సెలైన్ మార్చిన మేడమ్' అంది. నన్ను!"

సాలోమోను నవ్వబోయి ఆగిపోయాడు. "గదే అందరికి చెప్తే అయిపోతుండె గద సార్?"

"చెప్తే వారం రోజులు వింటారు. తర్వాత మాకు మాత్రం ఉద్యోగాల్లేవా అంటారు. ఆ అమ్మాయి సిగ్గుతో చచ్చిపోతుంది. నేనంటావా, ఎలాగూ పిచ్చివాణ్ణి. నాతో ఎవరు వాదిస్తారు?" అని, "పొద్దున అంట్లు నువ్వు తోమి డ్యూటీకెళ్తే ఇంకో గంట నిద్ర కలిసొస్తుంది" అన్నారు.

సాలోమోను తల వంచుకుని "చేస్త సార్" అన్నాడు. కాగితం జేబులోంచి బయటికి రాలేదు. కిందికి దిగి ఉపేంద్రకు దాన్ని నాలుగు ముక్కలుగా అప్పగించాడు.

"ఇదేంటి సాలోమోనూ?"

"పైకి పోయి చూసిన సార్. నిజంగనే ఊగుతున్నడు."

ఉపేంద్ర అతన్ని ఎగాదిగా చూసి, ఇది అంటుకునే రకం కాబోలని తలుపేసుకున్నాడు.

ముసురు విడిచిన వారానికి జోస్నాకు సెలవు దొరికింది. సాలోమోను ఆమెను సాయంత్రం ఆరున్నరకు డాబా మీదికి తీసుకొచ్చాడు. సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. ఆకాశం కడిగినట్టుంది, గాలి కదలడం లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే దొరికే సాయంత్రమది.

"నిమిషం ఆగమ్మా, లోయలతో సహా చూపిస్తాను" అని భానుమూర్తి గారు హడావిడిగా ఫోకస్ సరిచేసి వెనక్కి తిరిగారు.

జోస్నా ప్లాస్టిక్ కుర్చీలో తల వాల్చి నిద్రపోతోంది.

లేపబోయిన సాలోమోనును ఆయన కళ్ళతోనే ఆపారు. చంద్రుడి వెంట టెలిస్కోపును తిప్పే చిన్న మోటారు కుయ్‌మంటోంది. ఆయన వంగి దాన్ని ఆపేశారు. కెమెరా తెర మీద చంద్రుడు లోయలూ కొండలూ వెంటబెట్టుకుని నెమ్మదిగా పక్కకు జరిగి, అంచు దాటి వెళ్ళిపోయాడు. భానుమూర్తి గారు ఇంకో కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తి తెచ్చుకుని, కూర్చుని, హాయిగా కాళ్ళు చాపుకున్నారు.