గుండు ఫొటో కింద నేను రాసిన మాట

పదిహేడేళ్ల వయసులో నాకు ఏ దుఃఖమూ లేదు. అదే నా బాధ. మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఇల్లుంది, నాన్నకు ఉద్యోగముంది, అమ్మ రోజూ డబ్బా కట్టిచ్చేది. అయినా రెండువేల సంవత్సరం దాటిన ఏడెనిమిదేళ్లకు నేనూ 'ఎమో' అయిపోయాను. ఎక్కడో దూరదేశాల పాటలతో పుట్టిన తీరు అది: నల్ల బట్టలు, కాటుక, ఒక కన్ను కప్పేసే జుట్టు, నన్నెవరూ అర్థం చేసుకోరన్న మొహం. మా దాకా ఆ పాటలు రాలేదు, ఫొటోలు వచ్చాయి.

నూనె రాసిన జడతో బయలుదేరి, మా ఊళ్లోనే వజీరాబాద్ పేటలోని నెట్ కేఫ్‌లో కూర్చున్నాక పిన్నులు తీసి, జుట్టు కంటి మీదికి లాక్కుని ఫొటో దిగి, అలాంటివాళ్లంతా చేరే ఒక సైటులో పెట్టేదాన్ని. ఒకసారి సర్దుకోవడం మరిచి అలాగే ఇంటికొస్తే, "గా ఎంటికలు కండ్లల్ల పడి మెల్లకన్నయితది" అని అమ్మే పిన్ను గుచ్చింది. ఇప్పటి పిల్లలు స్టేటస్‌లో పెట్టే విరిగిన గుండెలు, సగం మొహాలు చూస్తే నవ్వొస్తుంది. మేం అప్పుడే చేసేశాం అదంతా.

అతను ఆ సైటులోనే పరిచయం. కుండల్‌వాడి అనే ఊరి అబ్బాయి, దగ్గర్లోని నాయ్‌గావ్‌లో కాలేజీ. నాలాగే ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం ఇద్దరికీ రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం. మారుపేర్లే పెట్టుకున్నాం, అసలు పేరు అడగడం మోటనుకునేవాళ్లం. "బయట వాన పడుతున్నది, నా లోపల గూడ" అని అతను రాస్తే వారమంతా అదే తలుచుకునేదాన్ని. అతనికి శనివారమే నెట్ దొరికేది. నేను ముందే వెళ్లి కూర్చునేదాన్ని. ప్రేమేనా అంటే అవును, ఇప్పుడు దాచేదేముంది.

ఒక శనివారం అతని ఫొటో మారింది. వంచిన తల, మొహం కనబడని నున్నటి గుండు! గుండు చూడగానే మా వాళ్లకు తట్టేది తిరుపతి. ఇంట్లోవాళ్లు మొక్కు ఉందని లాక్కెళ్లి ఉంటారనుకుని పడీ పడీ నవ్వాను. అందరికీ కనబడేలా ఫొటో కింద రాశాను: "గుండు మంచిగున్నది. లడ్డు ఏది?" ఇంకెవరెవరో నవ్వు బొమ్మలు పెట్టారు.

మరుసటి శనివారం జవాబు ఉంది. "బాపు సచ్చిపోయిండు." వాళ్ల నాన్న.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. లేని దుఃఖాలు ఏడాది పాటు పంచుకున్నాం. ఉన్న దుఃఖం వచ్చిన రోజు నేను లడ్డూ అడిగాను. తప్పయిందని ఎన్నిసార్లు రాసినా అతను మళ్లీ పలకలేదు.

నెలకు పైగా చూసి, ఇక ఉండలేక, కాలేజీలో ప్రాక్టికలని అమ్మకు అబద్ధం చెప్పి, బస్సులో నాయ్‌గావ్, అక్కడినుంచి జీపులో కుండల్‌వాడి వెళ్లాను. జీపులు ఆగే చోట చాయ్ పోసే ఆమెను అడిగాను, నల్ల అంగీలు తొడిగే కాలేజీ అబ్బాయి, ఒక కంటి మీదికి జుట్టు ఉండేదని.

"గసొంటి పిలగాడు మా ఊర్ల లేడు బిడ్డా."

ఈమధ్యే వాళ్ల బాపు పోయాడన్నాను. ఆమె గ్లాసులు కడగడం ఆపింది.

"గీ యేడు బాపు పోయిన పోరగాండ్లు నలుగురైదుగురున్నరు. పేరు చెప్పు, ఇల్లు సూపిస్త."

నాకు పేరు తెలియదు. అతను కూడా కేఫ్‌లో కూర్చున్నాకే జుట్టు దించుకునేవాడని అప్పుడు అర్థమైంది. నాకు తెలిసినవాణ్ణి ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు. ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవలేకపోయాను.

తిరుగు జీపు నిండేదాకా రోడ్డు పక్కన నిలబడి, అప్పుడప్పుడే జుట్టు మొలుస్తున్న ప్రతి తల వైపూ చూశాను. ముగ్గురు కనిపించారు. ఒకడు సైకిలు నెట్టుకుంటూ నా పక్కనుంచే వెళ్లాడు. జుట్టు కప్పేసిన సగం మొహమే నాకు తెలుసు, ఎవరినీ ఏమీ అడగలేకపోయాను.