గడప దాటకూడని మనిషి

రైల్వే పనికని వలసొచ్చి మేం స్థిరపడిన ఈ హిందీ ఊళ్ళో, కుదుదండ్ పేటలో, మా కింది వాటాలో అద్దెకున్న బాలింతను, గడువు తీరిందని మొన్న మా మనవడు ఖాళీ చేయించాడు. పురుటి స్నానమైనా కాలేదు కదరా అంటే, "కానూన్ ప్రకారమే చేశాను నానమ్మా, గలత్ ఏటుంది?" అన్నాడు. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, కానూన్ సంగతి నాకేం తెలుసు గానీ, చట్టం తప్పు అననిదల్లా ఒప్పయిపోదని కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది.

తెల్లదొరల కాలం. రైలు పెట్టెలు కలిపే షంటింగు పనిలో ఒకాయన చనిపోతే, ఆయన క్వార్టరును ఇంజన్లుండే లోకో షెడ్‌లో పనిచేసే మా ఆయనకు ఇచ్చారు. సామాన్ల బండితో వచ్చి చూద్దుము కదా, లోపలి గదిలో మూలన ఆ చనిపోయినాయన భార్య కూర్చుని ఉంది. మొగుడు పోయిన మనిషి కర్మలు ముగిసి, పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా గడప దాటకూడదని మావైపు ఆచారం. బయటివాళ్ళను క్వార్టరులో ఉంచుకుంటే ఉద్యోగం పోతుందని రైల్వే రూలు. వెళ్ళగొడితే పాపం, ఉంచుకుంటే నేరం, వెనక్కి పోదామంటే మా పాత గదిలో అప్పటికే వేరేవాళ్ళు దిగారు. నా చేతికి ఎముక లేదని ఏనాడూ ఎవరూ అనలేదు గానీ, ఆ పూట నుంచి ఎసట్లో ఆవిడకూ కలిపి బియ్యం పోశాను. కిటికీ రెక్కలు మూసుకుని, దగ్గొచ్చినా నోట్లో కొంగు కుక్కుకుని ఇద్దరం ఖైదీల్లా బతికాం. వీధిలో బూటు చప్పుడైతే లోపలి గది తలుపు దగ్గరకు వేసేదాన్ని.

ఒక ఉదయం క్వార్టర్లు చూసే బాబు రానే వచ్చాడు. లోపలున్నదెవరో బయటికి రమ్మను, లేకపోతే మీ ఆయన పేరు పైకి రాస్తానన్నాడు. అంతలో లోపల్నుంచి ఆవిడే అంది: "ఏటి బాబూ, పొద్దున్నే మొగుడు పోయినదాన్ని ఎదురు రమ్మంటన్నారు? డ్యూటీకి ఎల్లొద్దేటి మీరు? సరే, ఉండండి, వస్తన్నాను."

ఎంత ఆఫీసు బాబైనా మనవైపు మనిషే, శకునాల జడుపు ఎక్కడికి పోతుంది? తలుపు రెక్క కదిలేసరికి "అచ్ఛా, అచ్ఛా" అంటూ మెట్లు దిగిపోయాడు. నాకు నవ్వాగలేదు, తిరిగి చూస్తే ఆవిడ తలుపు పట్టుకుని ఏడుస్తోంది. మా ఉద్యోగం నిలపడానికి తనను తానే అపశకునం చేసుకుంది మరి.

పుట్టింటివాళ్ళు వచ్చిననాడు ఎవరికీ ఎదురు కాకుండా దొడ్డిదారిన పోతానంది. నేను ఒప్పుకోలేదు. షెడ్‌కు బయల్దేరిన మా ఆయన్ని వీధి గుమ్మంలో ఆపి, ఆవిడను ఎదురు రమ్మన్నాను. ఆయన ఆవిడకు నమస్కరించి డ్యూటీకి వెళ్ళారు, సాయంత్రం క్షేమంగానే తిరిగొచ్చారు.

ఇప్పుడు మొగుడు పోయిన ఆడవాళ్ళు స్టేషన్లో కూర్చుని టిక్కెట్లు ఇస్తున్నారు, ఎదురొస్తే ఎవరూ ఆగడం లేదు. మంచిదే. కానీ అప్పట్లో మేము రూలుకు జడిసేవాళ్ళం, పాపానికి అంతకంటే ఎక్కువ జడిసేవాళ్ళం. ఇప్పటివాళ్ళకు ఆ మొదటి జడుపు ఒక్కటే మిగిలింది.