బావ గోబీలు, అక్క గది

మా బావ బస్ పాసుల కౌంటర్లో ముద్రలు వేస్తాడు. ఎవరైనా అడిగితే మాత్రం "నేను చేపల పరిశోధకుణ్ణి" అంటాడు. ఆ పరిశోధనంతా గోబీ చేపల మీద. చిటికెనవేలంత ఉంటాయి, కళ్లు నెత్తిమీద ఉంటాయి, ఈదడానికి కూడా బద్ధకమే, రాళ్లకు పొట్ట ఆనించి కూర్చుంటాయి. మగది ఆడదాన్ని చూడగానే ఒళ్లంతా నీలంగా మెరిపించి రెక్కలు విప్పుతుంది. "అబ్బ, ఆ దర్జా చూశావా మరదలా!" అంటాడు బావ, తనే విప్పినట్టు.

ఈ దర్జా కోసం మా అక్క గది పోయింది. అక్క బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఉన్నవే రెండు గదులు. కుట్టుమిషను ఉన్న గదిలోకి ఒక ట్యాంకు వచ్చింది, ఆ ఒకటీ ఆరయింది, మిషనేమో వెనక వరండాలోకి పోయింది. మొన్నామధ్య వానజల్లు కొట్టి నలభై చొక్కాల గుడ్డ తడిసి రంగు దిగింది. ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్లకిస్తామన్నారు బడివాళ్లు. ఆ రోజు అక్క కంచం ముందు కూర్చుని ఏడ్చింది. అప్పుడు బావ ఎంతో పెద్ద మనసు చేసుకుని, నా ఎదుటే మాటిచ్చాడు. "ఈసారి గోబీ పిల్లలు బతక్కపోతే గది నీకే ఇచ్చేస్తా, సరేనా?"

బతకడమా! మూడేళ్లుగా అదే వరస. రాయి కింద గుడ్లు పెడతాయి, మగది కాపలా కాస్తుంది, నలుసుల్లాంటి పిల్లలొస్తాయి, నాలుగోరోజుకు ఒక్కటీ మిగలదు. చేపల షాపాయన మొదట్లోనే చెప్పాడట. "సార్, ఈ రకం పిల్లలు పుట్టడం ఏట్లోనే గానీ పెరిగేది సముద్రంలో. వాటికి ఉప్పునీళ్లు కావాలి." బావ వింటేగా! "మంచినీటి చేపకు ఉప్పేమిటి? ట్యాంకులమ్ముకునేవాడు నాకు చెప్పొచ్చాడు" అని మూతి తిప్పాడు. పాసు మీద ముద్ర తలకిందులుగా వేసే మనిషికి ఇంత అహంకారం ఎక్కడిదో నాకర్థం కాదు.

ఈసారీ గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. ఇంకేం, నాలుగు రోజులు ఓపిక పడితే గది అక్కదే. ఆ మాటే చెబుదామని వెళితే, అక్క వరండాలో పెద్ద గాజుజాడీ ముందు కూర్చుని ఉప్పు కొలుస్తోంది. షాపాయన్ని తనే అడిగి ట్యాంకుల్లో వేసే సముద్రపు ఉప్పు తెచ్చుకుంది. పిల్లల్లో సగాన్ని అప్పటికే జాడీలోకి మార్చేసింది.

"నీకేమన్నా పిచ్చా అక్కా? అవి బతికితే గది రాదు!"

"తెలుసే."

"తెలిసే చేస్తున్నావా?"

"ప్రతిసారీ అవి చచ్చిన నీళ్లు ఎత్తి పారబోసేది నేనేగా. ఇంక నావల్ల కాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి మెతకవాళ్లుండబట్టే బావలాంటివాళ్లు పరిశోధకులవుతారు.

ట్యాంకులోవి నాలుగోరోజుకల్లా పోయాయి. గది ఇస్తాడా అంటే ఇవ్వడు. "సర్దుకోవడానికి టైం కావాలిగా" అంటూ రెండు నెలలు సాగదీశాడు. వరండా వైపు తొంగిచూసే అలవాటు లేదు గనక జాడీ ఆయన కంటపడలేదు. పడ్డ రోజున అందులో పదిహేడు గోబీ పిల్లలు అడుక్కి చేరి కూర్చున్నాయి. ఎగిరి గంతేశాడు. "బతికాయి! నేను చెప్పలా?" ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. అక్క గది మాట ఎత్తగానే, "పిల్లలు బతికాయిగా, మాటంటే మాటే" అన్నాడు. ఛీ, సిగ్గన్నా ఉండాలి!

ఆ ఆదివారం చేపలు పెంచేవాళ్ల సంఘంలో ఉపన్యాసమిస్తానని నన్నూ లాక్కుపోయాడు. అరగంటసేపు కోతలు కోశాక, వెనక వరసలోంచి ఒకాయన లేచి, "లీటరుకు ఉప్పెంత వేశారండీ?" అని అడిగాడు.

బావ జేబులు తడుముకున్నాడు. "అదీ... రాసుకున్న పుస్తకం ఇంట్లో ఉంది. వచ్చే ఆదివారం చెబుతాను."

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వరండాలోకి పరిగెత్తాడు. "ఏమోయ్, ఉప్పెంత వేశావు?"

అక్క మిషను ఆపలేదు. "గది ఖాళీ చెయ్యండి, చెబుతా."

"మరి ట్యాంకులెక్కడ పెట్టను?"

"ఇక్కడే."

శుక్రవారం దాకా మొహం మాడ్చుకుని తిరిగాడు. శనివారం పొద్దున్నే నీళ్లు తోడి, ఆరు ట్యాంకులూ ఒక్కడే మోశాడు. తొంగిచూసిన పక్కింటాయనతో, "చేపలకు గాలీ వెలుతురూ ఉండాలని నేనే మారుస్తున్నా" అన్నాడు. నేను పైకే నవ్వాను. చివరి ట్యాంకు దించి, చొక్కా తడిసి ముద్దై, రొప్పుతూ వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు."

అక్క చెయ్యి చాపింది. "ముందు గది తాళంచెవి ఇవ్వండి."